దగ్గు కాదు, ఘాటు

వెంకటేశ్వరమ్మ కూతురికి చదువు ఎక్కువై మతి చలించిందని, పొద్దస్తమానం ఎవరెవరికో ఫోన్లు చేసి "కళ్ళె పడుతోందా? ఏ రంగులో పడుతోంది?" అని అడుగుతోందని పక్కింటి నాగజ్యోతి పాలకేంద్రం దగ్గర అన్నదట. ఆ మాట రెండిళ్ళు దాటేసరికి, ఆ పిల్ల కళ్ళె సంగతులు మాట్లాడేది ఎవరో కుర్రాడితోనని, అదీ పకపకా నవ్వుతూ మాట్లాడుతోందని తేలింది. వెంకటేశ్వరమ్మ చెవిన పడేటప్పటికి కుర్రాడికి మీసాలు కూడా మొలిచాయి.

"ఏమే ఉదయా, కళ్ళె గురించి నవ్వుతా మాట్టాడే ఆ మీసాలోడు ఎవడే?" అని తల్లి గుమ్మంలోనే నిలేసింది.

"మా ప్రాజెక్టులో లెక్కలు చూసే ఆయనమ్మా. రామకాంత్ గారు. తాడేపల్లి."

"మీసాలున్నయ్యా?"

"వీడియోలో నొసలే కనపడుద్ది. ఆయనకి ఫోను పట్టుకోవడం రాదు."

"నొసలు చూసి నవ్వుతన్నావంటే ఇది ఆ కరోనా కంటే పెద్ద జబ్బే," అని వెంకటేశ్వరమ్మ చాట పట్టుకుని పెరట్లోకి పోయింది.

నాగజ్యోతి మాటలో అబద్ధం పాలు తక్కువే. ఉదయశ్రీ హైదరాబాదులో ఒక వైద్య పరిశోధన సంస్థలో పిహెచ్‌డి చేస్తోంది. ఆమె పని ఊపిరితిత్తుల మీద. అవి ఎవరివో కావు, గుంటూరు మిర్చి గోదాముల్లో పొద్దున్నుంచి పొద్దుగుంకే దాకా పట్టా మీద కూర్చుని కాయకు తొడిమలు తీసే ఆడకూలీలవి. నల్లపాడు అవతల కాలనీల్లో ఎనభై నాలుగు మందిని ఎంచుకుంది. మొదటి రౌండులో ఒక్కొక్కరి పక్కనా కూర్చుని, గొట్టంలో ఊదించి, దగ్గితే విని, విన్నది విన్నట్టు రాసుకుంది. ఎనభై నాలుగు మందిలో అరవై మందికి దగ్గు.

రెండో రౌండు మొదలయ్యే వారంలో లాక్‌డౌన్ వచ్చిపడింది. ల్యాబుకు తాళం వేశారు. సత్తెనపల్లి పక్కనున్న సొంత ఊళ్ళో, ఇంటి వెనక పత్తికట్టె మోపుల మీద ఒక్కచోటే సిగ్నలు. అక్కడే ఉదయశ్రీ ఆఫీసు. ఇకనుంచి ఫోన్లోనే పరిశోధన అని గైడు రాజరాజేశ్వరి మేడం చెప్పింది. పదిహేను రోజులకోసారి అందరికీ ఫోను చేయాలి, ప్రశ్నలడగాలి, జవాబులు పంపాలి. ప్రశ్నపత్రం రామకాంత్ తయారుచేశాడు.

మొదటి ఆన్‌లైన్ మీటింగులోనే ఇద్దరికీ చెడింది.

"'గత పక్షము దినములలో తమకు కఫసహిత కాసము కలిగినదా?'" అని చదివి ఉదయశ్రీ ఆగింది. "ఇది ఎవరు రాశారండీ?"

"నేనే. ఏం?"

"మనం తొడిమలు తీసేవాళ్ళని అడుగుతున్నామా, అష్టావధానంలో పృచ్ఛకులమా?"

తెర మీద పన్నెండు గళ్ళలో పన్నెండు మొహాలు బిగుసుకున్నాయి. సరిగ్గా అప్పుడే పత్తికట్టె మోపు మీదికెక్కి వాళ్ళ కోడిపుంజు గొంతెత్తి కూసింది.

"ముందు మీ కోడిని మ్యూట్‌లో పెట్టండి," అన్నాడు రామకాంత్.

"అది మ్యూట్ అవ్వాలంటే ఆదివారం దాకా ఆగాలండీ."

"ఛ! మేం శాకాహారులం."

"ఆ మాట దానికి చెప్తాను. సంతోషిస్తది."

మేడం నవ్వు ఆపుకుని, ప్రశ్న ఉదయశ్రీ చెప్పినట్టే మార్చమంది. 'పదిహేను రోజుల్లో దగ్గు వచ్చిందా? కళ్ళె పడిందా? ఏ రంగు?' ఊరి పిల్ల గెలిచింది. దగ్గును దగ్గు అనడానికి ఒక పల్లెటూరి మనిషి కావాల్సి వచ్చిందని ఉదయశ్రీ ఆ రోజంతా మెడ నిక్కించుకుని తిరిగింది.

దూరపు కొండలు నునుపంటారు. దూరపు గొంతుల సంగతి ఎవరూ చెప్పలేదు. రోజూ సాయంత్రం ఐదింటికి రామకాంత్ ఫోను వచ్చేది. ఖాళీగా ఉన్న గళ్ళు ఒక్కొక్కటీ అడిగి నింపుకునేవాడు.

"పదమూడో నంబరు రంగు రాయలేదు మీరు."

"తెలుపు."

"ముప్పై రెండు?"

"లేత పసుపు."

"యాభై?"

"యాభైకి కళ్ళె లేదు. కోడలితో గొడవుంది. అది ఏ గడిలో రాయమంటారు?"

అటుపక్క నవ్వు. తరవాత, "మీకిష్టమైన రంగేంటి?"

"ఈ ప్రాజెక్టు అయ్యేసరికి ఏ రంగూ మిగలదండీ నాకు."

రెండు నెలలకు 'అండీ' ఊడింది. మూడో నెలలో 'ఉదయశ్రీ గారు' కాస్తా 'ఉదయా' అయింది. ఐదు కొట్టే వేళకు వెంకటేశ్వరమ్మ కావాలనే మోపుల దగ్గరికి వచ్చి, అక్కర్లేకపోయినా నాలుగు కట్టెలు పీక్కుపోయేది.

పనిలో మాత్రం ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. పదిహేడో నంబరు రసూల్‌బీ. ఇరవై రెండేళ్ళుగా తొడిమలు తీస్తున్న మనిషి. మొదటి రౌండులో గొట్టంలో ఊదబోయి మూడుసార్లు దగ్గి, నాలుగోసారి నవ్వేసి, "నా వల్ల కాదమ్మాయ్, నువ్వే ఊదుకో," అన్న మనిషి. ఇప్పుడు ఫోన్లో అడిగితే, "దగ్గా? అబ్బే, లేదమ్మాయ్. అస్సలు లేదు," అంటోంది. అన్న మరుక్షణం ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టినట్టు చప్పుడు మందగించేది. ఆ వెనకాల ఎక్కడో పాత గోనె చించుతున్నట్టు వినపడేది. అరనిమిషం తరవాత, "ఆఁ, చెప్పు," అనేది, ఏమీ జరగనట్టు.

రసూల్‌బీ ఒక్కతే కాదు. దగ్గు లేనివాళ్ళు విడత విడతకూ పెరుగుతున్నారు.

"పిన్నీ, ఒకటి చెప్పు. నిజంగా లేదా?" అని ఒకరోజు గట్టిగానే అడిగింది.

"ఆ మాట అడగమాక అమ్మాయ్. మా వెనక వీధిలో బుల్లయ్య దగ్గు అన్నాడు. అంతే. వీధికి అడ్డంగా కర్రలు కట్టారు. ముగ్గు పోసినట్టు బ్లీచింగు పోశారు. మిర్చి యార్డు తెరిచాక కూడా మేస్త్రీ ఆ వీధి ఆడోళ్ళని ఒక్కరినీ ఆటో ఎక్కించుకోలా. ఇప్పుడు మా కాలనీలో ఎవరికీ దగ్గు లేదు."

ఉదయశ్రీకి ఏదో తట్టింది. "మరి ఘాటు?"

"ఘాటా? అది ఎప్పుడూ ఉండేదే గదా! కాయ పట్టాక ఘాటు లేకుండా ఎట్టుంటది? పొద్దున లేస్తే ఘాటు, పడుకుంటే ఘాటు. ఘాటుకి కూడా డాక్టర్లుంటారా ఏంది?"

మిరపకాయ వల్ల వచ్చేది వాళ్ళకు ఎప్పుడూ దగ్గు కాదు. దగ్గంటే జబ్బు. ఇది ఘాటు, పనిలో భాగం, చేతికంటిన ఎరుపులాంటిది. ఉదయశ్రీ ఆ మాట పెట్టి మళ్ళీ ఎనభై నాలుగు మందికీ చేసింది. దగ్గు ఉందన్నవాళ్ళు పదహారు మంది. ఘాటు ఉందన్నవాళ్ళు అరవై ఒక్కమంది. షీటు చివర రిమార్కుల గడి ఒకటి ఉంటే, అందులో అలాంటి ప్రతి పేరుకూ రాసింది: 'దగ్గు లేదంది. ఘాటు ఉందంది. మాట్లాడుతుండగా దగ్గు వినిపించింది.'

సాయంత్రం ఐదు కొట్టింది.

"రిమార్కుల గడిలో నవల రాస్తున్నావా?" అన్నాడు రామకాంత్.

చెప్పింది. అంతా విన్నాడు. వినడంలో వంక పెట్టలేం అతనికి.

"ఉదయా, ప్రశ్న మధ్యలో మారిస్తే మొదటి రౌండుతో పోల్చలేం. అక్కడ దగ్గు అని ఉంది. ఇక్కడ ఘాటు అంటే వంకాయనీ దోసకాయనీ ఒకే తక్కెడలో వేసినట్టు."

"అక్కడ నేను పక్కన కూర్చుని విన్నాను. ఇక్కడా వింటున్నాను."

"నువ్వు విన్నది డేటా కాదు. వాళ్ళు చెప్పిందే డేటా."

"నా చెవి అంత చేతకానిదా?"

"ఎవరి చెవికైనా ఎర్రర్ ఉంటుంది. నీ ఒక్కదానికే కాదు, అలగకు. సరే, ఆ గడి జోలికి నేను పోను. ఎలా ఉన్నది అలా ఉంచుతాను. ఒట్టు."

"ఎవరి మీద?"

"మీ కోడి మీద."

"అది మొన్న ఆదివారమే పోయింది," అంది ఉదయశ్రీ. ఇద్దరూ నవ్వుకున్నారు. చచ్చిన కోడి మీద వేసిన ఒట్టు ఎంతకాలం నిలుస్తుందో అడగాలని ఆమెకు అప్పుడు తోచలేదు.

దసరాకు ముందు బస్సులు తిరుగుతున్నాయి. ఏవో కాగితాల మీద సంతకాలు కావాలని తల్లికి చెప్పి ఉదయశ్రీ తాడేపల్లి బయల్దేరింది. వెంకటేశ్వరమ్మ నమ్మలేదు గానీ జడలోకి కనకాంబరాలు కట్టి ఇచ్చింది. "సంతకాలకి పూలు పెట్టుకుంటే తొందరగా పెడతారంట," అంది.

బస్సు నల్లపాడు దాటుతుంటే కిటికీలోంచి మిర్చి గోదాములు కనపడ్డాయి. రసూల్‌బీ కాలనీకి అక్కడినుంచి ఆటోలో పది నిమిషాలు. ఫీల్డుకు ఎవరూ పోకూడదని సంస్థ ఆర్డరు ఇంకా అలాగే ఉంది. తాడేపల్లి ఫీల్డు కిందికి రాదు. తిరిగొచ్చేటప్పుడు దిగి ఊరికే చూసిపోదాంలే అనుకుంది.

కృష్ణ ఒడ్డున వాన. ముందు సన్నగా, తరవాత కొంటెగా. మొక్కజొన్న కండెలు కాల్చే బండి మీది గొడుగు కింద ఇద్దరూ మాస్కులతో నిలబడ్డారు. కండె తినాలంటే మాస్కు తీయాలి. ముందు ఎవరు తీయాలన్నది తేలలేదు.

"లేడీస్ ఫస్ట్," అన్నాడు.

"శాకాహారులు ఫస్ట్," అంది.

అతనే తీశాడు. మీసాలు లేవు. ఊరి మాట మొదటిసారి పూర్తిగా అబద్ధమైంది. ఎడమ బుగ్గ మీద చిన్న గాటు ఉంది. తెర మీద ఎన్నడూ పడని గాటు. నొసలును బట్టి ఊహించుకున్న మొహం కంటే ఇది కాస్త బెదురు మొహం. అదే నచ్చింది ఆమెకు.

"ఒక ఫారం నింపుకో," అన్నాడు కండె కేసి చూస్తూ. "పేరు రామకాంత్. వయసు ఇరవై ఎనిమిది. గుండెదడ, ఉంది."

"ఎన్నాళ్ళుగా?"

"మ్యూట్‌లో పెట్టమన్న రోజునుంచి."

"ఇది నువ్వు చెప్తున్నది కాబట్టి డేటా. నాకు వినపడలేదే మరి?"

"దగ్గరికొస్తే వినపడుతుంది."

వచ్చింది. వాన కూడా వచ్చింది, గొడుగు అంచుమీంచి ధారగా. కండెల బండివాడు మొహం అటు తిప్పుకుని బొగ్గులు విసురుకున్నాడు.

తిరుగు బస్సులో అద్దాలన్నీ ఆవిరి పట్టాయి. అతని మెసేజీలు ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి. తలెత్తి చూసేసరికి పేరేచర్ల. నల్లపాడు ఎప్పుడు పోయిందో తెలియలేదు.

మర్నాడు రసూల్‌బీకి ఫోను చేసే రోజు. "దగ్గుందా పిన్నీ?" "లేదమ్మాయ్." "ఘాటు?" "దానికేం, మహారాజులా ఉంది." రిమార్కుల గడి నింపింది.

తరవాతి ఏడాది వేసవిలో జబ్బు రెండోసారి విరుచుకుపడింది. వెంకటేశ్వరమ్మ మంచం పట్టింది. పగలంతా తల్లికి గంజి తాగించడం, వేలికి క్లిప్పు పెట్టి అంకె చూడటం. అలాంటి ఒకరోజు రామకాంత్ పేపరు ముసాయిదా పంపాడు. మొదటి పేజీలో అతని పేరు, దాని పక్కన తన పేరు. ఉదయశ్రీ అంతవరకే చదివి 'సూపర్' అని కొట్టింది.

అచ్చయ్యాక చదివింది. తల్లి కోలుకుని, కోడిపిల్లలను అదిలించే ఓపిక వచ్చాక. మిరప కూలీల్లో దగ్గు: ముందు అరవై, తరవాత పదహారు. ఇంటినుంచే ఫోను ద్వారా ఇంత చక్కగా పరిశోధన సాగించవచ్చని చివర్లో ఒక పేరా. రిమార్కుల గడి ఊసే లేదు.

"గడి ఏదీ?" అంది ఫోన్లో.

"క్లీన్ చేయాల్సి వచ్చింది ఉదయా. గాలి మాటలు పెడితే పేపరు వెనక్కి కొడతారు. మేడం కూడా తీసేయమన్నారు."

"ఒట్టు వేశావు."

"నీకు పంపాను కదా! సూపర్ అన్నావు."

ఆమె ఫోను పెట్టేసింది. ఆ సూపర్ తనదే కావడం మరింత మండింది.

అసలు దెబ్బ ఆ తరవాత తగిలింది. ప్రాజెక్టు తరపున నెలకోసారి యార్డుకు వచ్చి ఊపిరి పరీక్షలు చేసి మందులిచ్చే బస్సు ఒకటి ఉండేది. లాక్‌డౌన్లో ఆగింది. మళ్ళీ ఎప్పుడు తిప్పుతారని అడిగితే, దగ్గు తగ్గిందని మీరే రాశారుగా, బస్సు వేరే జిల్లాకు ఇచ్చేశాం అని సంస్థ నుంచి రెండు లైన్ల మెయిలు వచ్చింది. అదే పేపరు పుణ్యమా అని రామకాంత్‌కు సైంటిస్టు పోస్టు ఖాయమైంది. ఆర్డరు రావడమే తరువాయి.

నాలుగు నెలలు మాటల్లేవు. ఐదింటికి వెంకటేశ్వరమ్మే మోపుల దగ్గరికి వెళ్ళి, ఎవరూ లేని చోటు చూసి వచ్చేది.

ఐదో నెలలో అతను ఫోను కాదు, మనుషులనే తెచ్చాడు. మాఘమాసంలో ఒక ఆదివారం తెల్లకారు ఇంటిముందు ఆగింది. రామకాంత్, అతని తండ్రి అనంతపద్మనాభం గారు దిగారు. ఆయన రిటైరైన సంస్కృతం లెక్చరరు. 'కఫసహిత కాసము' ఏ ఇంట్లోంచి వచ్చిందో ఉదయశ్రీకి అప్పుడు అర్థమైంది. నాగజ్యోతి గోడ అవతల వడియాలు ఎండబెట్టే నెపంతో నిలబడింది.

"కులాలు వేరు, వంటిళ్ళు వేరు. నాకు తెలుసునమ్మా," అన్నాడాయన వెంకటేశ్వరమ్మతో. "రెండేళ్ళు ఫోన్లోనే కాపురం చేసిన పిల్లల్ని మనం విడదీసేదేముంది? కోడి మా వంటింట్లోకి రానంతవరకు నాకు అభ్యంతరం లేదు."

"రాదులెండి అన్నయ్య గారూ. మా పిల్లే ఇక్కడికొచ్చి తినిపోద్ది," అంది వెంకటేశ్వరమ్మ. నవ్వులు. కాఫీలు.

ఉదయశ్రీ రామకాంత్‌ను పెరట్లోకి పిలిచింది.

"నాకు ఇష్టమే," అంది. "ఇష్టం లేకపోతే ఇంత కోపం ఎందుకుంటది? కానీ ఒకటి. పోయేటప్పుడు నాతో నల్లపాడు రావాలి. రసూల్‌బీని నువ్వే అడుగు. ఆ రోజుల్లో దగ్గు ఉండేదని ఆమె నోటితో చెబితే, పేపరు తప్పని జర్నల్‌కి ఉత్తరం రాయాలి. అప్పుడే తాంబూలాలు."

"ఆ ఉత్తరం రాస్తే నా పోస్టు ఉండదు ఉదయా."

"తెలుసు."

"లేదంటే?"

"లేదంటే నా చెవికి ఎర్రర్ ఉందని ఒప్పుకుని నీ వెనక నడుస్తా."

అతను పత్తికట్టె ఒకటి విరిచాడు. ఇంకొకటి విరిచాడు. "సరే. ఉందంటే రాస్తాను," అన్నాడు. బెదురుగానే, కానీ కళ్ళలోకి చూసి అన్నాడు.

రసూల్‌బీ గుమ్మంలో నులకమంచం మీద మూడు దిళ్ళకు ఆనుకుని కూర్చుంది. పడుకుంటే ఊపిరి ఆడదట. ఏడాదిగా పనికి పోవడం లేదు. మెడ దగ్గర నరాలు తాళ్ళలా లేచిపడుతున్నాయి. మాటకూ మాటకూ మధ్య ఈల వేసినట్టు గాలి. అనంతపద్మనాభం గారు గడప బయటే ఆగి, కండువా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"గొట్టం అమ్మాయివి గదూ," అంది రసూల్‌బీ. "చిక్కిపోయావే. ఈయనెవరు, మీ ఆయనా?"

"ఇంకా కాదు పిన్నీ. నీ మాట మీద ఉంది."

"నా మాట మీదా!" నవ్వబోయింది. నవ్వు దగ్గయింది. దగ్గు నిమిషంపాటు ఆగలేదు. రామకాంత్ ఎన్నడూ అంత దగ్గర నుంచి ఆ చప్పుడు విని ఎరగడు. అతని చేతులు ఏం చేయాలో తెలియక ముందుకు వచ్చి, మంచంకోడు పట్టుకుని ఆగిపోయాయి. ఉదయశ్రీ నీళ్ళు తాగించింది.

ఆయాసం తగ్గాక అతను మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "అమ్మా, రెండేళ్ళ కింద ఈవిడ ఫోను చేసినప్పుడు దగ్గు లేదని చెప్పారు. అప్పుడు నిజంగా లేదా?"

"ఎందుకు లేదు నాయనా? ఉంది. ఇప్పటికంటే... కాస్త తక్కువ. ఉంది."

రామకాంత్ ఉదయశ్రీ వైపు తిరిగాడు. "రాస్తాను," అన్నాడు. "రేపే రాస్తాను ఉదయా." గడప బయట అతని తండ్రి కొడుకు మొహం చూసి కండువా మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

ఉదయశ్రీ గుండె నిండింది. తన చెవి నిజం. తన గడి నిజం. ఎదురుగా తన మనిషి మాట నిలబెట్టుకుంటున్నాడు. ఇంతకంటే ఏం కావాలి ఆడపిల్లకు? అక్కడితో లేచి వచ్చేసినా సరిపోయేది. గెలిచిన మనిషికి ఇంకొక్క మాట అనాలనిపిస్తుంది. రసూల్‌బీ చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని, గారాబంగా, కాస్త నిష్ఠూరంగా అడిగింది.

"వీళ్ళ సంగతి వదిలెయ్ పిన్నీ. పదిహేను రోజులకోసారి అంతలా అడిగానే, నాకైనా చెప్పొద్దా, దగ్గు ఇంతుందని?"

రసూల్‌బీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఊపిరి అందేదాకా ఆగింది.

"చెప్తే వచ్చేదానివా?"